ముప్పై ఆరో కిలో

జిల్లా పాఠశాల క్రీడల కాగితం హుకుంపేట దగ్గరి బాలికల ఆశ్రమ పాఠశాలకు చేరేసరికి, వ్యాయామం నేర్పే డాలీ టీచరు ప్రసూతి సెలవు మీద అనకాపల్లి వెళ్ళి పదిరోజులైంది. కుస్తీ జట్టును ఎవరికి అప్పగించాలో తోచక ప్రధానోపాధ్యాయిని స్టాఫ్‌రూమంతా కలయజూసి, చివరికి లెక్కల టీచరు సుజానా దగ్గర చూపు నిలిపింది.

"బరువులూ అంకెలూ ఫారాలే కదండీ. అంతా మీ సబ్జెక్టే" అంది.

సుజానాకు యాభై ఆరేళ్ళు. భీమిలిలో మిషన్ స్కూల్లో చదివి, విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, ఇరవై ఏడేళ్ళుగా ఈ కొండల్లోనే పాఠాలు చెబుతోంది. కుస్తీ గురించి ఆమెకు తెలిసింది ఏమీ లేదు. కానీ తెలియనిది చేతికి వస్తే కంగారుపడే మనిషి కాదామె. అది ఎక్కడి నుంచి వచ్చింది, అలాగే ఎందుకుంది అని అటూ ఇటూ తిప్పి చూసే మనిషి. ఆ సాయంత్రం కాగితాన్ని కూడా అలాగే తిప్పి చూసింది.

పదిహేడేళ్ళ లోపు బాలికలకు ముప్పై ఆరు కిలోల నుంచి నలభై దాకా ఒక తరగతి. ఆపైన నలభై మూడు, నలభై ఆరు, నలభై తొమ్మిది. అక్కడి నుంచి నాలుగేసి కిలోల చొప్పున డెబ్భై మూడు వరకు. ఇవి ఎందుకున్నాయో గ్రహించడం కష్టం కాలేదు. ఒకే నేర్పున్న ఇద్దరు తలపడితే బరువైనవాళ్ళు గెలుస్తారు. గెలుపు నేర్పుకు దక్కాలంటే బరువులు దగ్గరదగ్గరగా ఉండాలి. అంతవరకు సరే. గీతలు ఇక్కడే ఎందుకు పడ్డాయి? నలభై మూడు దగ్గర పడిన గీత నలభై రెండు దగ్గర ఎందుకు పడలేదు? ఆమె పెన్సిలు తీసి నిష్పత్తులు వేసింది. అన్నిటికన్నా పై మెట్టులో అరవై తొమ్మిదికీ డెబ్భై మూడుకీ ఉన్న తేడా నూటికి ఆరు కూడా లేదు. అట్టడుగు మెట్టులో ముప్పై ఆరుకూ నలభైకీ ఉన్న తేడా నూటికి పదకొండు. అంటే బక్కపిల్లలకే మెట్టు వెడల్పు ఎక్కువ. పైగా ఆ మెట్టు కింద ఇంకేమీ లేదు. ముప్పై ఆరుకు తక్కువైన పిల్లకు పట్టికలో చోటే లేదు.

మర్నాడు జట్టులోని పద్నాలుగు మందినీ పిలిచి బరువులు అడిగింది.

"నాను ముప్పై అయిదే మేడం" అంది కనక. పదో తరగతి పిల్ల. పదహారేళ్ళు. జట్టులో అందరికన్నా పెద్దది, అందరినీ పడగొట్టేది కూడా అదే.

"ముప్పై అయిదని ఎవరు చెప్పారు?"

"ఆటల గదిలో కాటా ఉంది కదా మేడం. గోడవారన ఎడితే ముప్పై నాలుగు సూపిత్తాది, తలుపుకాడ ఎడితే ముప్పై ఏడు."

పక్కనున్న సోని కిసుక్కున నవ్వింది. తొమ్మిదో తరగతి, పొట్టి పిల్ల, నోరు మాత్రం పెద్దది. "అయితే తలుపుకాడే ఎట్టి రాసేయండి మేడం. అప్ప ఎల్లిపోద్ది."

"పోటీలో కూడా తలుపు దగ్గరే తూస్తారా?" అని సుజానా కనక వైపు తిరిగింది. "వెళ్ళకపోతే ఏమవుతుంది నీకు?"

అది మందలింపు కాదని, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోందని కనకకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఈ పదమూడు మందితోటే మూడేళ్ళు కుస్తీ పడినాను మేడం. ఏ గుంట ఏ కాలు ముందెడతాదో నాకు ముందే తెలిసిపోతాది. ఈ సోని మీదకొచ్చేముందు పెదవి కొరుకుతాది."

"నాను కొరకను!"

"ఇప్పుడు కొరుకుతున్నావు సూడు. ఇంక నాకు నేర్సుకోడానికి ఏటుంది మేడం? నానెరగని గుంటతో ఒక్కసారి పడాల. ఈ ఏడు పోతే వయసు దాటిపోతాది, మరి పంపరు."

సుజానాకు ఆ మాట నచ్చింది. పతకం గురించి గానీ సర్టిఫికెట్టు గురించి గానీ ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడలేదు. తెలియనిది కావాలంది, అంతే. అటువంటి కోరికకు ముప్పై ఆరు అనే అంకె అడ్డం వచ్చిందంటే, ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు తేల్చక తప్పదనిపించింది.

ముందు నమ్మకమైన కాటా కావాలి. బడి గేటుకు ఎదురుగా కాఫీ గింజలూ మిరియాలూ కొనే షావుకారు రేకుల షెడ్డు ఉంది. అందులో ఇనుప దండె ఉన్న పెద్ద కాటా. దండె మీద ప్రభుత్వ ముద్ర ఆ ఏడాదిదే. కాఫీ కాలం ఇంకా మొదలు కాలేదు కనుక సంత రోజున తప్ప అక్కడ పెద్దగా పని ఉండదు. సుజానా స్వయంగా దండె పక్కన నిలబడి ఇరవై కిలోల ఇనుప గుండు పెట్టించి చూసింది. సరిగ్గా ఇరవై. తృప్తిపడి, తొమ్మిది, పది తరగతుల పిల్లలు తొంభై ఆరుగురినీ వరసలో నిలబెట్టింది. జట్టు ఒక్కదాన్నే తూస్తే చాలుగాని, గీత ఈ కొండపిల్లల గుంపులో ఎక్కడ పడుతోందో చూడాలని ఆమె కుతూహలం.

తూకం వేసేది యర్రయ్య. ఇరవై రెండేళ్ళుగా ఆ కాటా దగ్గర ఆయనే. దండె మీది బిళ్ళను వేలితో అటూ ఇటూ జరిపి ఆయన పిలిచే అంకె సంత ఆ కొసకు వినిపిస్తుంది. సుజానా స్టూలు మీద కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, ఆయన పిలిచింది పిలిచినట్టు రాసుకుంటూ పోయింది.

"ముప్పై తొమ్మిదీ రొండొందలు! బేగి దిగు గుంటా. నలభై రొండూ నాలుగొందలు! సెప్పులు ఇప్పెయ్యి, సెప్పులు తూయడానికి కాదు ఇది."

"తాతా, నన్ను కాఫీలాగ తూయకు. మిరియాలలాగ పదిలంగా తూయి" అంది సోని.

"మిరియాలకు ఇంత నోరుండదు. ముప్పై మూడూ ఎనిమిదొందలు!"

కనక ఎక్కింది. ఊపిరి బిగబట్టింది, దానివల్ల బరువు పెరుగుతుందన్నట్టు.

"ముప్పై అయిదూ నూరు!"

తొంభై ఆరు బరువులనూ సుజానా గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టింది. ముప్పై ఆరు దగ్గర నిలువు గీత గీస్తే దాని ఎడమ పక్క ఇరవై ఏడు చుక్కలు మిగిలాయి. నూటికి ఇరవై ఎనిమిది. జట్టులో ఎనిమిది మంది. పట్టిక గుంపు చివరను కత్తిరించడం లేదు, గుంపు లోపలికే దిగబడుతోంది. ఆ గ్రాఫును జతచేసి, కాగితం అడుగున చిరునామా ఉన్న సాంకేతిక పర్యవేక్షకుడు సర్వేశ్వరరావు గారికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఒకటే ప్రశ్న: ఈ గీతలు ఎవరిని చూసి గీశారు?

ఈలోగా కనక బరువు పెంచే పని పిల్లలే తలకెత్తుకున్నారు. వారానికి అయిదు రోజులు హాస్టల్లో గుడ్డు పెడతారు. మూడోరోజుకల్లా కనక కంచంలో ఏడు గుడ్లు కనిపించాయి. ఇంటి నుంచి వచ్చిన చోడి (రాగి) పిండితో రెండు పూటలా అంబలి, మధ్యలో అరటిపళ్ళు. తరవాతి సంతకు యర్రయ్య మళ్ళీ పిలిచిన అంకె: "ముప్పై అయిదూ నూరు!"

"ఏడు గుడ్లూ ఎటెల్లిపోయినాయే?" అంది సోని.

"పరుగులో పోయినాయి. మరి పరుగూ పట్టూ ఆపీమంటావా?"

సుజానా ఆ గుడ్ల పంపకాన్ని ఆపించింది. తక్కినవాళ్ళ తిండి తీసి ఒక పిల్లకు పెడితే, పట్టిక కింద ఇంకొందరు చేరడం తప్ప జరిగేదేమీ లేదు.

సర్వేశ్వరరావు ఉత్తరానికి జవాబు రాయలేదు, ఫోన్ చేశాడు. బడిలో సిగ్నలు దొరికేది నీళ్ళ ట్యాంకు మెట్ల మీద. సుజానా ఆరో మెట్టు మీద నిలబడి విన్నది. ఆయన విజయనగరం మనిషి, ఒకప్పుడు కుస్తీ పట్టినవాడే.

"అమ్మా, ఈ సంఖ్యలు నేను వేసినవి కావు. మాకు పైనుంచి వస్తాయి."

"పైవాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చాయండీ?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదమ్మా. శిక్షణలో మాకు చెప్పింది చెబుతాను, ప్రమాణం మాత్రం చెయ్యలేను. పోటీలకు వచ్చిన పిల్లల బరువులన్నీ పోగుచేస్తారట. వరసగా పేర్చి, ఒక్కో తరగతిలో ఇంచుమించు సమానంగా మనుషులు పడేలా గీతలు గీస్తారట. కొసన ఒకరిద్దరే ఉంటే వాళ్ళకు జోడీ దొరకదు, అందుకని అక్కడికి ఆపేస్తారు. ఇంకో భయం కూడా ఉంది. గీత మరీ కిందికి దించితే, తేలికైన తరగతిలో దూరడానికి పిల్లలు తిండి మానేస్తారు. అది నేను కళ్ళారా చూశాను."

"పోటీలకు వచ్చిన పిల్లల బరువులు అన్నారు. రానివాళ్ళవి?"

"రానివాళ్ళను ఎవరు తూస్తారమ్మా?"

సుజానా మనసులో లెక్క పేర్చుకుంది. ముప్పై ఆరుకు తక్కువైన పిల్లను తూకం దగ్గరే తిప్పి పంపేస్తారు. తిప్పి పంపిన పిల్ల పేరు తూకం కాగితంలోకి ఎక్కదు. ఆ కాగితాలనే పోగుచేసి చూసినవాళ్ళకు అటువంటి పిల్లలు ఎక్కడా కనబడరు. కనబడనివారి కోసం గీత కిందికి దిగదు. గీత దిగదు కనుక మరుసటి ఏడు కూడా తిప్పి పంపుతారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఎవరూ ఏ అబద్ధమూ రాయలేదు. అయినా ప్రతి కాగితమూ ముప్పై ఆరు కింద మనుషులు లేరనే చెబుతుంది.

"మీ గ్రాఫు బాగుందమ్మా, కమిటీ ముందు పెట్టదగిందే" అన్నాడు సర్వేశ్వరరావు. "కానీ ఒక్క కాటాను నమ్మి పెట్టలేను. ఈ పిల్లల్ని ఇంకెక్కడైనా తూచారా? ఆ అంకెలు కూడా పంపండి."

తూచారు. జూలైలో ఆరోగ్య తనిఖీకి వచ్చిన నర్సు నిర్మల అందరినీ ఎలక్ట్రానిక్ మిషను మీద తూచి తన రిజిస్టరులో రాసుకుంది. సుజానా ఆ రిజిస్టరు తెప్పించుకుని తన అంకెల పక్కన పెట్టి పోల్చింది. రెండో పేజీకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

రెండు నెలల్లో పిల్లలందరూ తగ్గిపోయారు.

మొదట ఆమెకు కలిగింది భయం. వానాకాలం జ్వరాలా? హాస్టలు తిండా? వార్డెను మీదికి వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చి కూర్చుంది. ఎంతెంత తగ్గారో వరసగా రాసింది. యాభై నాలుగు కిలోల పిల్ల ఒక కిలో తగ్గింది. ముప్పై నాలుగు కిలోల సోని కూడా ఒక కిలోయే తగ్గింది. జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచంలో ఉన్న పిల్లా, తుమ్మైనా తుమ్మని పిల్లా, ఇద్దరూ ఒక్కొక్క కిలో. అటో నూరు గ్రాములు, ఇటో రెండొందలు. ఆకలి ఇంత సమానంగా పంచుకోదు. రోగం అసలే పంచుకోదు. తొంభై ఆరు ఒళ్ళలోంచి ఒకే తీరుగా ఒక్క కిలో తియ్యగలిగింది ఏదైనా ఉంటే, అది ఒళ్ళలో లేదు, తూకంలో ఉండాలి. కానీ కాటాను తనే పరీక్షించింది. ఇరవై కిలోల గుండుకు ఇరవై చూపింది. నర్సు మిషను ఇక్కడ లేదు, దాని సంగతి తరవాత. అయితే కాటాకూ తన రిజిస్టరుకూ మధ్య ఇంకేమున్నట్టు?

ఫారాలు పంపడానికి ఇంకా మూడురోజులే గడువు. మర్నాడే సంత. సుజానా కనకను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. అల్లం బస్తాలతో అయిదారుగురు వరసలో ఉన్నారు. ఈసారి ఆమె స్టూలు మీద కూర్చోలేదు. యర్రయ్య భుజం పక్కన, దండెకు ఎదురుగా నిలబడింది.

కనక ఎక్కింది. యర్రయ్య బిళ్ళ జరిపాడు. దండె ఊగి నిలిచింది.

"ముప్పై అయిదూ నూరు!"

"యర్రయ్యా, దండె మీద ఎంతుంది?"

"ముప్పై ఆరూ నూరు, పంతులమ్మగోరూ."

"మీరు ఎంతని పిలిచారు?"

"ముప్పై అయిదూ నూరు."

"ఎందుకని?"

అంత తెలియని మనిషి కూడా ఉంటుందా అన్నట్టు యర్రయ్య ఆమె మొహంలోకి చూశాడు. "గోనె తియ్యాల గదమ్మా."

"ఏ గోనె?"

యర్రయ్య కాటా వైపు తిరిగాడు. కనకను పాదాల నుంచి తలదాకా ఒకసారి చూశాడు, తల నుంచి పాదాలదాకా మరోసారి. వరసలో ఉన్న ఆడవాళ్ళు ముందు నవ్వారు.

"నాను గోనె కట్టుకుని వచ్చినానేటి తాతా?" అంది కనక.

"ఓలమ్మో" అని యర్రయ్య కాటా పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు. "ఇరవై రొండేళ్ళమ్మా. కళ్ళు సూసిందొకటి, నోరు పిలిసేదొకటి. కిలో తీసే పిలవమన్నాడు షావుకారు. అలగే అలవాటైపోనాది. ఆ గుంటల్ని అందర్నీ అలగే పిలిసేసినానేటి?"

"అందర్నీ అలాగే పిలిచారు."

"మా మనవరాలు పుట్టినప్పుడు కూడా నానే తూసినాను" అన్నాడాయన, ఎటో చూస్తూ. "రొండు కిలోలని పిలిస్తే మా కోడలు వారం రోజులు ఏడిసింది."

తప్పు యర్రయ్యది కాదని సుజానాకు తెలుసు. ఇనుమును పరీక్షించింది తను, గొంతును పరీక్షించలేదు. ముద్ర ఉన్న వస్తువును అనుమానించి, ముద్ర లేని అలవాటును నమ్మింది.

"ఏమమ్మా" అని వరసలోంచి రత్న ముందుకు వచ్చింది. పై ఊరి రైతు, అల్లం తెచ్చింది. "ఆ గుంటకు గోనె నేదు సరే. నా సంచి మాటేటి? ఇది ప్లాస్టిక్కు. ఇది కిలో ఉంటాదేటి?"

"వెనకటికి గోనెలుండేవి" అన్నాడు యర్రయ్య. "అవి తడిస్తే కిలో దాటేవి."

సుజానాకు ఆ సందేహం వదిలిపెట్టబుద్ధి కాలేదు. షెడ్డు మూలనున్న ఖాళీ ప్లాస్టిక్ సంచులు తీసి ఒక్కొక్కటే కాటా మీద వేయించింది. ఒకటి వేస్తే దండె కదిలీ కదలనట్టు ఊరుకుంది. కిలో తూగేసరికి ఎనిమిది సంచులు పట్టాయి. గోనె ఎప్పుడో పోయింది, దాని కిలో మాత్రం ఉండిపోయింది. రత్న ఎనిమిది సంచులనూ వేళ్ళ మీద లెక్కపెట్టి, వరసలోని తక్కినవాళ్ళ వైపు చూసింది. ఆ తరవాత అక్కడ జరిగిన రభస చాలాసేపు సాగిందని విన్నది గాని, సుజానా దానికి ఆగలేదు. ఆమెకు తొంభై ఆరు అంకెలు దిద్దే పని ఉంది.

కనక ముప్పై ఆరు కిలోల నూరు గ్రాములు. మొదటినుంచీ అంతే. ఆ పిల్ల పేరు ఫారంలో రాస్తున్నప్పుడు సుజానా చేతికి తెలియకుండానే అక్షరాలు పెద్దవిగా పడ్డాయి. తరవాత రెండో ఉత్తరం రాసింది. నా మొదటి ఉత్తరంలోని బరువులన్నీ ఒక్కో కిలో తక్కువ, గీత కింద ఉన్నది ఇరవై ఏడు మంది కాదు, పందొమ్మిది మంది, జట్టులో ఎనిమిది మంది కాదు, అయిదుగురు, కారణం ఫలానా. ఉత్తరం అందిన రోజునే సర్వేశ్వరరావు ఫోన్ చేశాడు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదమ్మా. ఇరవై ఏడు అయితే కమిటీలో గట్టిగా అడగడానికి ఉండేది."

"పందొమ్మిది చాలదాండీ?"

"చాలకేం. మీ మాట మీద పందొమ్మిది. నా తూకం కాగితాల్లో మాత్రం సున్నా. వాళ్ళు చూసేది ఆ కాగితాలే."

ట్యాంకు మెట్ల మీద నిలబడే సుజానా ఆ మాటను కాసేపు ఆలోచించింది. అయితే చేయవలసింది ఒకటే కనబడింది. పోటీరోజున కనకనూ, గీత పైనున్న తక్కిన ఎనిమిది మందినీ తీసుకెళ్ళడంతో పాటు, గీత కిందనున్న అయిదుగురినీ తీసుకెళ్ళాలి.

"వాళ్ళను వెనక్కి పంపేస్తారు కదండీ" అంది ప్రధానోపాధ్యాయిని.

"అందుకేనండి. వెనక్కి పంపినట్టు ఎవరో ఒకరు రాయాలి కదా."

పోటీలు జరిగే పాడేరుకు వెళ్ళే జీపులో పద్నాలుగు మంది పిల్లలూ, సుజానా, వెనకాల కొక్కేనికి వేలాడుతూ ఇద్దరు సంతమనుషులూ. "అందర్నీ కలిపినా నా బండి కుంగనే నేదు. ఈళ్ళా కుస్తీకెల్లేది?" అన్నాడు డ్రైవరు మంగరాజు.

"దిగి రా మావా, సూపిత్తాను" అంది సోని. మలుపుల్లో కనక మాత్రం రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, లోపలున్న అంబలిని కాపలా కాస్తున్నట్టు బిగిసి కూర్చుంది. ఒక మలుపు దగ్గర మొహం పాలిపోయింది. సుజానా కిటికీ పక్క సీటులోకి జరిపించి, "ఎదురుగా కొండ అంచునే చూడు, పక్కకు చూడకు" అంది. ఆ పిల్ల పాడేరు వచ్చేదాకా రెప్ప వాల్చకుండా కొండ అంచునే చూసింది.

తూకం గదిలో ఎలక్ట్రానిక్ మిషను. ఈసారి అంకెను పిలిచేవాళ్ళెవరూ లేరు, ఎర్రగా వెలుగుతుంది. అయినా సుజానా వంగి తనే చదివింది. ముప్పై ఆరు పాయింట్ ఒకటి అయి, రెండు అయి, రెండు దగ్గర నిలిచింది. సర్వేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని కాగితం మీద రాశాడు. ఆ కాగితంలో అన్నిటికన్నా చిన్న అంకె అదే.

కనక దిగకుండా అక్కడే నిలబడిపోయింది.

"దిగమ్మా. అయిపోయింది."

"రాసేసినారా బాబూ? పెన్నుతోనే రాసినారా?"

"పెన్నుతోనే రాశాను."

అప్పుడు దిగింది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కి దిగారు. చివరన అయిదుగురు మిగిలారు. సోని ఎక్కింది. ముప్పై నాలుగు పాయింట్ తొమ్మిది. సర్వేశ్వరరావు తల అడ్డంగా ఊపి పెన్ను పక్కన పెట్టాడు.

"రాయండి" అంది సుజానా.

"అమ్మా, ఈ ఫారంలో వీళ్ళకు గడి లేదు. తరగతి, పేరు, బరువు. తరగతే లేనప్పుడు పేరు ఎక్కడ రాయను?"

సోని మిషను మీద నుంచే మెడ చాచి కాగితంలోకి చూసింది. "కింద అంత తెల్లగా జాగా ఉంది కదా సార్."

ఆయన కిందికి చూశాడు. నిజంగానే సంతకానికి పైన నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంది. ఆయన సుజానా వైపు చూశాడు. ఆమె చేతిసంచిలోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. కాసేపు స్కేలును వేళ్ళతో తిప్పి, ఆయన ఆ ఖాళీలో అడ్డంగా ఒక గీత గీశాడు. గీత కింద "తూచి, తరగతి లేనందున పోటీకి అనుమతించనివారు" అని రాసి, అయిదు పేర్లూ, అయిదు బరువులూ దశాంశంతో సహా వేశాడు. పై కమిటీ దాన్ని చదువుతుందో లేదో చెప్పలేనన్నాడు. ప్రతి జిల్లా ఇలా రాస్తే చదవక తప్పదేమో అని కూడా అన్నాడు. సోని మాత్రం తన పేరు పక్కన "తొమ్మిది" సరిగా పడిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

పదకొండింటికి కనక పేరు పిలిచారు. ఎదురు వచ్చింది చింతపల్లి వైపు నుంచి, షాలోమ్ అనే పొడుగుపాటి పిల్ల. ముప్పై తొమ్మిది పాయింట్ ఏడు. మూడున్నర కిలోలు ఎక్కువ. ఈ పట్టికలో ఆ ఇద్దరూ సమానం.

మొదటి నిమిషంలో కనక రెండుసార్లు ఆ పిల్ల కాళ్ళు పట్టేసింది. షాలోమ్ అటువంటి వేగం ఎప్పుడూ చూడలేదని ఆమె మొహంలోనే తెలిసింది. ఆరు పాయింట్లు కనకకు, రెండు ఆమెకు. రెండో సగంలో షాలోమ్ వెంటపడడం మానేసింది. నిలబడి ఎదురుచూసి, కనక ముందుకు వచ్చిన ప్రతిసారీ ఛాతీతో పైనుంచి నొక్కింది. మూడున్నర కిలోలు ఒక్కసారి మోయడం కష్టం కాదు. రెండు నిమిషాలు మోయాలి. కనక పట్టు నెమ్మదించింది, స్కోరు ఆరుకు ఆరు అయింది. ఆఖరి అరనిమిషంలో షాలోమ్ ఆమె చేతిని ఏదో ఒక తీరుగా మెలిపెట్టి తిప్పేసింది. ఎనిమిది, ఆరు. విజిలు.

ఇద్దరిలో రాష్ట్ర పోటీలకు వెళ్ళే అవకాశం ఇక షాలోమ్‌కే. సుజానా నోట్‌బుక్కు తీసి రెండు బరువులూ, రెండు స్కోర్లూ, పక్కన "నూటికి దాదాపు పది" అనీ రాసుకుంది. రాసి, ఓదార్చడానికి ఏ మాట సరిపోతుందా అని వెతుక్కుంటూ మ్యాట్ దగ్గరికి నడిచింది.

కనక అక్కడ లేదు. వెనకాల గడ్డి మీద షాలోమ్ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"నా సెయ్యి ఎక్కడ పట్టినావు? ఇక్కడేనా?"

"ఇక్కడ కాదు. మోచేయి పైన. నువ్వు బరువంతా ముందుకు ఏశావు కదా, అప్పుడు."

"నాను ముందుకేత్తానని నీకెలగ తెలిసింది?"

"తెలీదు. ఊరికే పట్టుకుని చూశాను."

కనక కొంచెంసేపు ఆ మాటను లోపల తిప్పుకుంది. చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "మళ్ళీ సెయ్యి. మెల్లిగా" అంది.

షాలోమ్ మళ్ళీ చేసింది. కనక గడ్డి మీద పడింది. లేచి, పాదం ఇంకో పక్కకు జరిపి పెట్టుకుని, చెయ్యి చాచింది. మైకులో తరవాతి తరగతి పిల్లల్ని పిలుస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.